ఒకటో నంబరులో పెద్దకోడలు

ఆషాఢ పౌర్ణమి

పాత రేవు పుస్తకాన్ని కేంటీను ఖాదర్బీ మేక తినేసింది కనుక ఇది కొత్తది. కొత్త పుస్తకం మొదట్లో కాపరి తన పేరూ రేవు పేరూ రాయాలని నియమం. నేను పెమ్మాడి నూకరత్నం, బస్టాండు రేవు కాపరిని. పందొమ్మిదేళ్ళయింది. అంతకుముందు మా నాన్న. ఇందులో రాసింది కొట్టివేయకూడదు, చింపకూడదు. మేకకి ఆ సంగతి చెప్పినవాళ్ళు లేరు.

మా రేవుకి సముద్రం రోజుకి రెండుసార్లు వస్తుంది, రెండుసార్లు వెళ్ళిపోతుంది. వచ్చేది పోటు, పోయేది పాటు. పోటులో పడవలు తేలుతూ వచ్చి, పూర్వం బస్సులు ఆగినచోటే ఆగుతాయి. పాటులో నీళ్ళన్నీ పోయాక ఆ గచ్చు మీదే చతికిలబడతాయి. పన్నెండో నంబరు ప్లాట్‌ఫారం పల్లం, ఒకటో నంబరు మెరక. "సామర్లకోట, పిఠాపురం వైపు" అన్న బోర్డు ఇంకా వేలాడుతోంది. ఎండ్రకాయలు తప్ప అటు ఎవరూ వెళ్ళడం లేదు.

నిన్నటి పాటులో పన్నెండు ప్లాట్‌ఫారాలూ చెప్పుల్లేకుండా నడిచి చూశాను. ఇవాళ కాలికి గుచ్చుకున్నది రేపు పడవకి గుచ్చుకుంటుంది. ఏడో నంబరులో పైకప్పు పెచ్చు ఒకటి ఊడిపడి ఉంటే తీసేశాను. ఇనుము తినే తుప్పుపురుగు ఊళ్ళో ఇంజన్లూ బస్సులూ మేకులూ అన్నీ తినేసి, ఇంకేం దొరక్క స్తంభాల లోపలి ఊచల మీద పడింది. కొత్తగా వచ్చిన చేపల పడవవాడొకడు తాళ్ళు బిగించి కట్టి టిఫినుకి పోయాడు. నీళ్ళు దిగాయి, పడవ దిగలేదు. ఆరేసిన చీరలా స్తంభానికి వేలాడింది. వాడు తిరిగొచ్చి "ఇదేంటండీ ఇలాగ?" అని నన్నే అడిగాడు. తాడు వదులుగా కట్టమని అక్షరాలా అరవై మూడోసారి చెప్పాను.

పొద్దుటి పోటు ఒకటో స్తంభం గీతల మీద ఐదు జానల బెత్తెడు. పందొమ్మిదేళ్ళలో ఇంత నీరు చూడలేదు. పౌర్ణమికి తోడు వాయుగుండం, తూర్పుగాలి. ఆ నీళ్ళ మీద రెండు తెరచాపలు ఎత్తుకుని 'పెద్దకోడలు' వచ్చింది.

ముప్ఫై అడుగుల పడవ. ఒక్క మేకు లేదు. పలకకి పలకని కొబ్బరిపీచు తాడుతో కుట్టారు. ఇంటి బరువంతా మోసేది కనుక ఆ పేరు పెట్టారట. సరంగు సంగాడి అప్పలకొండ బాబాయి. డెబ్భై రెండేళ్ళు. ఆయనా ఆయన భార్యా కలిసి మూడేళ్ళు కుట్టిన పడవ అది. పిన్ని పోయాక ఆయనకి వేరే ఇల్లంటూ లేదు. వంట, పడక, పూజ అన్నీ అందులోనే. ఈసారి లంకల్లో నాట్లకి ఉప్పునీటి వరి నారు తెచ్చాడు.

"ఏవమ్మా రత్నం, నీ రేవులో మా కోడలి పాదాలు తడుత్తాయా?" అన్నాడు, చుక్కాని దగ్గర నుంచే.

"ఇవాళ నడుందాకా తడుస్తుంది బాబాయ్, చూసుకో."

"ఆయ్! నీ రేవులో బాతులు నడిసెళ్ళడం సూసేను గానీ, ఈదడం ఎప్పుడూ సూళ్ళేదు."

మేడమీది కేంటీనులో టిఫిను తింటున్నవాళ్ళంతా నవ్వారు. సరంగు కోరగా ఒకటో నంబరు ఇచ్చాను. వస్తూ వస్తూనే వెనక లోతులో రాతి లంగరు వదిలాడు, ఎప్పుడైనా వెనక్కి లాక్కోవాలంటే పట్టు ఉండాలి కదా.

పాటు మొదలయ్యాక చిన్న గొడవ. మా దగ్గర పడవ స్తంభాల వైపు ఒరిగి కూర్చోవాలి. బయటికి ఒరిగిందా, మళ్ళీ పోటులో లేవకముందే నీళ్ళు లోపలికి వచ్చేస్తాయి. పెద్దకోడలు అటా ఇటా తేల్చుకోక నిటారుగా నిలబడింది. కేంటీను పిట్టగోడ దగ్గరికి వెళ్ళి ఒక్క కేక వేశాను. ముప్ఫైమంది ఇడ్లీ పళ్ళేలతో సహా వచ్చి స్తంభాల వైపు అంచు మీద వరసగా కూర్చున్నారు. కేంటీను ఖాదర్బీ చివర కూర్చోగానే పడవ మెల్లగా ఇటు వాలింది. "నా వల్లే!" అని ఆవిడ సాయంత్రం దాకా చెప్పుకుంది. అది నిజమే కనుక ఎవరూ కాదనలేదు.

బహుళ పాడ్యమి

గాలి పడిపోయింది. పోటు నాలుగు జానలు. పెద్దకోడలు తేలడానికి ఐదు కావాలి. లేవలేదు.

రేపు లేస్తుందిలే అన్నాను. అప్పలకొండ బాబాయి తూర్పు వైపు చూస్తూ, "గాలొత్తాదమ్మా. ఓసారొచ్చింది," అన్నాడు.

బహుళ తదియ

మూడున్నర జానలు. నిన్న కూడా నాలుగు దాటలేదు. పౌర్ణమి దాటాక పోటు రోజురోజుకీ తగ్గుతుంది, అష్టమికి పూర్తిగా నీరసిస్తుంది, అమావాస్యకి మళ్ళీ పుంజుకుంటుంది. ఇది మా రేవులో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. కానీ వచ్చే అమావాస్యకి నా లెక్కలో నాలుగు జానలే. పౌర్ణమి నాటి ఆ పై నీళ్ళు చంద్రుడివి కావు, గాలివి. గాలి తెచ్చింది, గాలే పట్టుకుపోయింది.

నారు ఎవరి కోసమూ ఆగదు. తొమ్మిది చిన్న పడవల్లోకి ఎక్కించి లంకలకి పంపేశాం. పడవ అడుగున బరువు కోసం వేసిన రాళ్ళు కూడా తీయించాను. దానితో అర జాన కలిసొచ్చింది. ఇంకా అర జాన కావాలి. స్తంభాలకి తాళ్ళు కట్టి లాగుదామంటే, ముందు స్తంభాలే వస్తాయి.

రేవు సంఘం నియమం నోటీసు బల్ల మీద రాసి ఉంది: తర్వాతి పెద్ద పోటుకి కూడా లేవని పడవకి కుట్లు విప్పాలి, పలకలు ఊరికి పంచాలి. అన్యాయమేమీ కాదు. ఎండలో అంతకంటే ఎక్కువ రోజులుంటే పలకలు బీటలిస్తాయి, ఎవరికీ పనికిరావు. కలప దొరకని రోజులు. ఇంతవరకూ రెండు పడవలకి నేనే దగ్గరుండి కుట్లు విప్పించాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు ఆ బల్ల వైపు చూడబుద్ధి కావడం లేదు.

బహుళ షష్ఠి

పలకలు ఎండకుండా పొద్దున్నా సాయంత్రం పెద్దకోడలికి బాల్చీలతో స్నానం. అప్పలకొండ బాబాయి ఒంటరిగా పోస్తుంటే చూడలేక నేనూ వెళ్ళాను. ఒక కుట్టు దగ్గర ఆగి, తాడు మీద వేలు పెట్టి చూపించాడు. "ఇది మీ పిన్ని కుట్టు. సూడు, ముడి ఎడంసేతిది. నాది కుడిసేతి ముడి. అందుకే ఎవరిదేదో తెలిసిపోద్ది. ఇటు పక్కంతా దానిదే." పడవ ఎడమ పక్కంతా చెయ్యి పెట్టి తడుముకుంటూ నడిచాడు.

ఆ పూట నాకు ఇడ్లీ సయించలేదు.

బహుళ అష్టమి

పోటు రెండు జానలు. అష్టమి కష్టాలంటారు. ఇవాళ ఒక కష్టం నేనే రాసుకోవాలి.

నా గది పాత కంట్రోలు రూము. దాని ఉత్తరపు గోడని తప్పుల గోడ అంటారు. కాపరి ఏ తప్పు చేసినా తన చేత్తో, తన పేరుతో అక్కడ రాయాలి, తరవాతివాళ్ళు మళ్ళీ చెయ్యకుండా. మా నాన్నవి పదకొండున్నాయి. నావి సున్న. వచ్చినవాళ్ళందరికీ ఆ గోడ చూపించి, మంచినీళ్ళిచ్చి మరీ పంపిస్తాను. పౌర్ణమి నాడు ఈ పుస్తకంలో "సరంగు కోరగా ఒకటో నంబరు ఇచ్చాను" అని రాశాను. అది అబద్ధం. ఆయన కోరింది పన్నెండో నంబరు. "పల్లంలో ఇయ్యమ్మా, నా మాటిను" అని రెండుసార్లు అడిగాడు. బాతుల మాటకి అందరూ నవ్వారని నాకు రోషం వచ్చింది. ఈ రేవులో పెద్ద పడవ మెరక మీద కూడా తేలుతుందని ఊరికి చూపిద్దామనుకున్నాను. రేవులో కాపరి మాటే మాట కనుక ఆయన తల వంచుకుని వచ్చాడు. ఆ తరవాత ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఇది రాసి ఊరుకుంటే సరిపోదు. కేంటీనుకి వెళ్ళి, సాంబారు బాల్చీ పక్కన నిలబడి, అందరూ వినేలా చెప్పాను. "పెద్దకోడలు చిక్కడం సరంగు తప్పు కాదు. నాది."

ఖాదర్బీ గరిటె పట్టుకుని నా వైపు తిరిగింది.

"అయితే ఏంటంట?"

"పందొమ్మిదేళ్ళలో మొదటి తప్పు వదినా."

"నీ గోడ మీద మొదటిది. మా లెక్కలో చాలా ఉన్నాయిలే. కూర్చుని తిను, చల్లారిపోతోంది."

ఇడ్లీ తిన్నాను. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి పొలమారింది. అప్పలకొండ బాబాయి మూలనుంచి లేచి వచ్చి నా నెత్తి మీద తట్టాడు. "గాలొత్తాదిలే," అన్నాడు మళ్ళీ.

బహుళ ఏకాదశి

గాలి రాలేదు. మేక వచ్చింది.

ఖాదర్బీ తన మేకని కేంటీను కింది మెట్ల మీద ఉన్న చెక్కబల్లకి కట్టేస్తుంది. ఖాళీ నీళ్ళటిన్నులు మేకకి దొరక్కుండా ఆ బల్ల కింద కుక్కి, పాత వలతో బల్లకే బిగించింది. ఇవాళ పోటు మెట్లెక్కి వచ్చేసరికి బల్ల లేచింది. మేక బల్ల మీద నిలబడి, నాలుగో నంబరు నుంచి తొమ్మిదో నంబరు దాకా మహారాణిలా ప్రయాణం చేసింది. దారిలో ఒక పడవవాడి అరటి గెల నుంచి రెండు పళ్ళు కూడా తింది. ఊరంతా ఒకటే కేకలు, నవ్వులు. ఖాదర్బీ మెట్ల మీద నుంచి దాని వంశాన్నంతా తిడుతోంది.

నేను నవ్వడం ఆపేసి ఆ బల్ల కింద చూశాను. ఆరు టిన్నులు. ఇరవై లీటర్లవి, పాతకాలం ప్లాస్టిక్‌వి. తుప్పుపురుగుకి అది రుచించదు. నీళ్ళ కింద ముంచిపెట్టిన ఖాళీ టిన్ను ఒక్కొక్కటీ ఇరవై కిలోల బరువు లేపుతుంది. పెద్దకోడలు అర జాన పైకి లేవాలంటే ఎన్ని కావాలి? అప్పలకొండ బాబాయీ నేనూ గచ్చు మీద బొగ్గుతో లెక్క వేశాం. ఆయన లెక్కలో నూటపది, నా లెక్కలో నూట ఇరవై ఆరు. ఈసారి నేను ఎవరి మీదా పంతానికి పోలేదు. ఎక్కువ వచ్చిన లెక్కే తీసుకున్నాం.

"పుస్తకం తిన్నాక దీనికి సదువబ్బినట్టుంది," అన్నాడు బాబాయి, మేకకి అరటిపండు తొక్క పెడుతూ.

చిక్కల్లా ఒకటే. ఊళ్ళో టిన్నులు లేక కాదు. ఖాళీవి లేక. ప్రతి ఇంటికీ వాననీళ్ళు దాచుకునేది అందులోనే. టిన్ను ఇవ్వాలంటే తాగే నీళ్ళు ఒలకబోసుకోవాలి. నోరు తెరిచి అడగలేకపోయాను. ఖాదర్బీ అడిగింది. ఆవిడ అడగడం అంటే, సాయంత్రం కేంటీనుకి వచ్చిన ప్రతివాళ్ళ పళ్ళెం ముందూ నిలబడి, "పెద్దకోడలికి ఎన్ని టిన్నులిస్తున్నావు?" అని, జవాబు వచ్చేదాకా చట్నీ వెయ్యకపోవడం.

బహుళ చతుర్దశి

ఇవాళ ఈ ఊరంత శుభ్రమైన ఊరు తూర్పు తీరంలో ఉండదు. నీళ్ళు ఊరికే పారబోయడానికి ఎవరికీ మనసొప్పలేదు. పొద్దున్నే ఇంటింటా తలంట్లు. ముసలీ ముతకా పిల్లా జెల్లా కుంకుడుకాయ పులుసు కళ్ళలో పడి ఒకటే గగ్గోలు. దుప్పట్లు ఉతికారు, గడపలు కడిగారు. చేపల పడవవాడు తన పడవకి కూడా తలంటు పోశాడు. మేకకి ఖాదర్బీ స్వయంగా పోసింది. అది ఆవిడని క్షమించలేదు.

మధ్యాహ్నం పాటుకి జుట్లు విరబోసుకుని, టిన్నులు నెత్తిన పెట్టుకుని గచ్చు మీదికి దిగారు. నూట ముప్ఫై ఒకటి వచ్చాయి. అయిదు చిల్లు. సరిగ్గా నూట ఇరవై ఆరు. ప్రతిదాని మీదా ఇంటిపేరు రాసి ఉంది, మర్చిపోయి ఎవరిదో ఎవరూ పట్టుకుపోకుండా.

ముందు పడవని నిటారుగా లేపి, రెండు పక్కలా వాసాలు ఆనించి నిలబెట్టాం. టిన్నుల మూతలు బిగించి, పాత వలల్లో వేసి, పొట్ట కింద రెండు పక్కలా వరసగా కట్టాం. కుట్ల మీద ఒత్తిడి పడకుండా మధ్యలో గోనెలు పెట్టించాడు బాబాయి. ముళ్ళన్నీ ఆయనే చూశాడు. కుడి పక్క తొందరగా అయింది. ఎడమ పక్క ఒక్కొక్క కుట్టూ తడుముతూ చాలాసేపు ఉన్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

రేపు లేవకపోతే కుట్లు విప్పే కత్తి నా గదిలోనే ఉంది. దాని అవసరం రాకూడదని వెయ్యిమంది దేవుళ్ళకి మొక్కాను. వాళ్ళలో సగంమందికి గుళ్ళు మునిగిపోయి చాలాకాలమైంది, ఖాళీగానే ఉంటారు.

అమావాస్య

గాలి లేదు. ఆకు కదల్లేదు. బాబాయి తూర్పు వైపు ఒకసారి చూసి, ఇంక చూడలేదు.

రెండు జానలప్పుడు టిన్నులు మునగడం మొదలైంది. మూడు జానలప్పుడు వలలు బిగుసుకున్నాయి, పడవ మొత్తం మూలిగింది. మూడున్నర. నీళ్ళు మెల్లబడ్డాయి. నేను స్తంభం దగ్గర నడుములోతు నీళ్ళలో నిలబడి గీతలు చదువుతున్నాను. నాలుగుకి ఇంకా రెండు వేళ్ళు. పిట్టగోడ మీద ఊరంతా ఉంది. ఇడ్లీ తినే చప్పుడు కూడా లేదు.

నాలుగు జానలు. అక్కడ ఆగింది. పడవ కదల్లేదు.

ఇంక పైకి రాదని నాకు తెలుసు. పావుగంట అలాగే నిలబడి, తరవాత వెనక్కి పోతుంది. అప్పుడు పడవలోంచి బాబాయి కేక వినిపించింది.

"అమ్మా రత్నం! ముందు భాగం తేలింది. ఎనకే పట్టేసింది, ఇక్కడ బరువుంది!"

"ఏం బరువు బాబాయ్? అన్నీ తీసేశాం కదా!"

"నేనే," అన్నాడు.

ఆయన ఒక్కడే కాదు. వెనక వంటపొయ్యి, పిన్ని రుబ్బురోలు, బియ్యం కుండ, దేవుడి మందసం. ఇల్లు కదా, వాటిని సామానుగా ఎవరూ లెక్కవెయ్యలేదు. నేను కూడా వెయ్యలేదు. "అన్నీ ముందుకి జరుపు! నువ్వు కూడా!" అని అరిచాను. నలుగురు పడవలోకి ఎగబాకారు. రుబ్బురోలు దొర్లింది, కుండ దొర్లింది. బాబాయి దేవుడి మందసాన్ని చంకలో పెట్టుకుని ముందుకి పరిగెత్తాడు. నేను పడవ వెనక్కి చేరి, లోతు వైపుకి పోయే లంగరు తాడు పట్టుకున్నాను. నా వెనక ఖాదర్బీ, ఆవిడ వెనక చేపల పడవవాడు, వాడి వెనక ఎవరెవరో. అందరి దగ్గరా కుంకుడుకాయ వాసన.

"లాగండి!"

పెద్దకోడలు గచ్చు మీద ఒకసారి గీరుకుంది. తరవాత గీరుకోలేదు. వెనక్కి, లోతులోకి, నెమ్మదిగా, మెట్టినింటి నుంచి పుట్టింటికి వెళ్ళే మనిషిలా వెళ్ళిపోయింది. తాడు ఒక్కసారిగా వదులై మేమంతా ఒకరి మీద ఒకరం నీళ్ళలో పడ్డాం. నేను ఖాదర్బీ మీద పడ్డాను కనుక బతికాను.

పన్నెండో నంబరులో కట్టాం. తాడు వదులుగానే. మధ్యాహ్నం వాన మొదలైంది. ఎవరి టిన్ను వాళ్ళు విప్పుకుపోయి చూరు కింద పెట్టుకున్నారు. సాయంత్రానికి అన్నీ నిండాయి.

శ్రావణ శుద్ధ పాడ్యమి

పొద్దుటి పోటుకి పెద్దకోడలు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు బాబాయి నా గదికి వచ్చాడు, నేను కాపరినయ్యాక ఒక్కసారి కూడా పైకి రాలేదు. నేను బొగ్గు తీసుకుని తప్పుల గోడ ముందు నిలబడి ఉన్నాను. ఎంత పొడుగ్గా రాయాలో తేలడం లేదు.

"పన్నెండో నంబరు ఎందుకు అడిగేవు బాబాయ్, ఆ రోజు?"

"అదేటమ్మా, గోడ మీద ఉంది కదా. నీకు తెలిసే ఇచ్చేవనుకున్నాను."

"ఏ గోడ మీద?"

ఆయన ఆ తప్పుల గోడ చివరికి వెళ్ళి, అక్కడ కొయ్యమేకుకి తగిలించి ఉన్న మా నాన్న రెయిన్‌కోటు పక్కకి జరిపాడు. నాన్న పోయిన రోజు కళ్ళనిండా నీళ్ళతో ఆ మేకు నేనే కొట్టాను, ఆ కోటు నేనే తగిలించాను. అది చూసినప్పుడల్లా ఆయన ఇప్పుడే డ్యూటీ దిగి వచ్చినట్టు ఉంటుందని పందొమ్మిదేళ్ళు కదపలేదు. దాని వెనక నాన్న దస్తూరీలో, పన్నెండో తప్పు:

"పౌర్ణమి నీళ్ళు చూసి మురిసిపోయి సంగాడి వారి పెద్ద పడవకి ఒకటో నంబరు ఇచ్చాను. అవి గాలి నీళ్ళు. పక్షం రోజులు చిక్కింది. అమావాస్యకి మళ్ళీ గాలి వచ్చి గట్టెక్కించింది. తప్పు నాది. — పెమ్మాడి పోలయ్య."

"అప్పుడా పడవలో కళాసీని నేను," అన్నాడు బాబాయి. "గాలొత్తాదని ఊరికే అన్లేదు మరి."

ఎంత నవ్వానంటే, కింద కేంటీను నుంచి ఖాదర్బీ ఏమయిందని అరిచింది. నవ్వుతూనే ఏడ్చాను. నాన్న పక్కన నిలబడి తిట్టినట్టే ఉంది.

పొడుగ్గా రాయాల్సిన పని తప్పింది. నాన్న రాసినదాని కింద బొగ్గుతో ఇలా రాశాను:

"పైదే. ఈసారి గాలి రాలేదు, ఊరు వచ్చింది. — నూకరత్నం."

తరవాత ఆ కొయ్యమేకు పీకి, కోటుని ఎదుటి గోడకి మార్చాను.